సంచి చచ్చే చోటు

పొయ్యి కెలికే ఇనుప కడ్డీ మొదటి దెబ్బకు పొగ కొలిచే యంత్రం గాజుపలక ముక్కలైంది. రెండో దెబ్బ వినార్సి భుజం మీద పడింది.

ఆమె అరవలేదు. సోయాగింజలు నానబోసిన డ్రమ్మును పట్టుకుని మెల్లగా నేలమీదికి జారింది.

“లే,” అన్నాడు పర్ముజి. “నిన్న జిల్లా కచేరీ హాల్లో అంతమంది ముందు లేచావుగా. ఇప్పుడూ లే.”

“అన్నయ్యా, ఆ యంత్రం నాది కాదు. మా సంస్థది.”

“ఈ బాయిలర్ నీదా? ఈ పొగగొట్టం నీదా? అందులో నీ గొట్టం దూర్చే ముందు నన్నడిగావా?”

వినార్సి బల్ల దగ్గర కూర్చున్న తల్లి వైపు చూసింది. కస్మినా తలెత్తలేదు. విరిగిన సోయాపాల ముద్దను కత్తితో పలకలుగా కోస్తూనే ఉంది. ఒక్క పలక కూడా వంకర పోలేదు.

వినార్సి చూపు తిప్పుకుంది.

ఇప్పటికే ఒకటి నడుపుతున్నవాళ్లు సముద్రం ఒడ్డున పెట్టబోయే రెండో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ మీద నిన్న బహిరంగ విచారణ మొదలైంది. అక్కడ తయారయ్యే సంచి చమురుబావి దగ్గర పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా ఈ భూమిని ఎంత వేడెక్కిస్తుందో లెక్కగట్టే పని వినార్సి ఉద్యోగం చేసే సురబాయా నగరంలోని సంస్థకు అప్పగించారు. ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన లెక్కలో సంచికి అసలు చావే లేదు. అది మళ్లీ కరిగి మళ్లీ సంచి అవుతుంది, కొత్తది చేసే పని తప్పుతుంది, కాబట్టి అంత భారం కొట్టేయాలన్నారు.

వినార్సి లేచి అలా జరగడం లేదని చెప్పింది. అలాంటి సంచులు ఓడల్లో వచ్చే చెత్తకాగితం కట్టల్లో కలిసి కరంగ్‌లువి అనే ఊరికి వస్తాయి, సోయాపాల టోఫు వండే బాయిలర్లలో కాలిపోతాయి, నేను స్వయంగా కొలిచాను అంది. ఎవరింట్లో కొలిచిందో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆ ఊళ్లో ఆమెకు తలుపు తీసే ఇల్లు ఒక్కటే, పుట్టిల్లు.

ఇవాళ ఉదయం ప్లాస్టిక్ లారీ ఒక్కటి కూడా ఊళ్లోకి రాలేదు.

“అవతలి సందులో పొయ్యిలన్నీ ఆరిపోయాయి,” అన్నాడు పర్ముజి. “నానబోసిన గింజలు సాయంత్రానికి పులిసి కంపు కొడతాయి. పొద్దున్నుంచి ఒక్కడు నాతో పలకలేదు. వాళ్లకేం చెప్పను? మా చెల్లెలు గాలిని కొలిచింది, అందుకని మీరంతా పస్తుండండని చెప్పనా?”

“లారీలు ఆపింది నేను కాదు. జుమాది బాబాయ్.”

“ఆపించింది నువ్వు!”

“కొన్నాళ్లు కట్టెలు తెప్పించుకుంటే...”

“కట్టెలా? చెట్లు కొట్టకుండా చెత్త కాలుస్తున్నాం మేం. అది భూమికి మంచి కాదూ? చదువుకున్నదానివిగా, చెప్పు.”

వినార్సి భుజం పట్టుకుని లేచి నిలబడింది. మాట్లాడుతుంటే ఊపిరి మధ్యలో తెగుతోంది.

“చెట్టు కాలితే వచ్చేది, ఆ చెట్టు పెరిగేటప్పుడు గాల్లోంచి తీసుకున్నదే. ఇంకో మొక్క నాటితే మళ్లీ తీసుకుంటుంది. సంచి అలా కాదన్నయ్యా. భూమి లోపల పడుండాల్సిన చమురు అది. పైకి తోడేటప్పుడు కొంత మంట. ఫ్యాక్టరీలో ఉడికించేటప్పుడు ఇంకా పెద్ద మంట. ఓడెక్కి రావడానికి కొంత. అదంతా అయ్యాక ఇక్కడికొచ్చి మన పొయ్యిలో పడితే, కిలో సంచులకి మూడు కిలోల దాకా బొగ్గుపులుసు వాయువు లేస్తుంది. నువ్వు మిగిల్చిన కట్టెల వంతు నేను తీసేశాను. తీసేశాకే చెబుతున్నాను.”

“ఆ చమురుబావి దగ్గర ఎంత లేచిందో నీకెలా తెలుసు?”

“వాళ్లు ఇచ్చారు అంకె.”

“ఫ్యాక్టరీది?”

వినార్సి కాస్త తడబడింది. “అదీ... వాళ్లే ఇచ్చారు.”

“ఓహో! అక్కడికి గొట్టం పట్టుకెళ్లలేదన్నమాట.”

ఆమె పగిలిన యంత్రం వైపు చూసింది.

“బావివాడి గేటు దగ్గర కుక్కలుంటాయి. ఫ్యాక్టరీవాడి గేటు దగ్గర తుపాకులుంటాయి. వాళ్లేం చెబితే అది వినయంగా రాసుకొచ్చావు. మా ఇంటికి గేటు లేదు. అందుకని మా ఒక్కళ్ల గొంతులోనే పొడిచావు గొట్టం.”

ఇదే ప్రశ్న వినార్సి తన పైఅధికారిని అడిగింది. తర్వాత చూద్దామన్నాడు. ఆమె ఊరుకుంది. ఊరుకున్న సంగతి ఇప్పుడు అన్న నోట వింటుంటే భుజం మీద దెబ్బ కంటే ఎక్కువ మండింది.

“నిజమే,” అంది చివరికి.

అతను ఆ మాట ఊహించలేదు. ఎదురు వాదిస్తే తన్నడానికి సిద్ధంగా ఉన్న మనిషి ఒక్క క్షణం ఖాళీగా నిలబడ్డాడు. ఆ ఖాళీలోకి మళ్లీ కోపమే వచ్చి చేరింది. పగిలిన యంత్రాన్ని గోడకేసి తన్నాడు.

“నిజమని నువ్వంటే నా గింజలు ఉడుకుతాయా?”

బయట బండి ఆగింది.

జుమాది లోపలికి వస్తూ ముక్కు మూసుకోలేదు, మొహం చిట్లించలేదు. ఊళ్లో కాలే ప్రతి సంచీ అతని లారీల్లోనే వస్తుంది. ఆ వాసన అతనికి సొంత ఇంటి వాసన. తెల్లచొక్కా మీద మసి పడకుండా మాత్రం పక్కకి జరిగి నిలబడ్డాడు. వెనకే డ్రైవర్ కుంచోరో వచ్చాడు. రోజూ ఉదయం సరుకు దింపి, ఈ ఇంట్లోనే కాఫీ తాగి, కస్మినాని పిన్నీ అని పిలిచి వెళ్లే మనిషి ఇవాళ గడప దగ్గరే ఆగి నేల చూస్తున్నాడు.

“ఏం వదినా, ఇవాళ కాఫీ లేదా?” అన్నాడు జుమాది.

“పొయ్యిలో ఏం వేసి కాచమంటావ్?” అంది కస్మినా. ఆ ఉదయం ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

జుమాది గట్టిగా నవ్వాడు. “బాగుంది. అది మీ అమ్మాయినే అడుగు. ఏమ్మా వినార్సీ, భుజం పట్టుకున్నావేం? గాలి బరువు ఎక్కువైందా?”

ఎవరూ నవ్వలేదు. అతను లవంగాల సిగరెట్టు వెలిగించుకున్నాడు.

“మధ్యాహ్నం మళ్లీ విచారణ ఉంది కదా. ఒక్క మాట చెప్పు చాలు. రోజూ కాల్చేది కట్టెలే, పరీక్ష కోసం నేనే సంచులు తెచ్చి ఆ ఒక్కరోజు కాల్పించాను అని. సాయంత్రానికి అన్ని సందుల్లోకీ లారీలొస్తాయి.”

“అది అబద్ధం బాబాయ్.”

“అయితే ఏమైంది? చిన్నప్పుడు నా పెరట్లో మామిడికాయలు కోసుకుని నాకెన్ని చెప్పలేదు నువ్వు?”

“ఆ ఫ్యాక్టరీ వస్తే నీకేంటి?”

“దాని చెత్త ఎత్తే పని నాది. ఇందులో దాపరికమేముంది? ఫ్యాక్టరీ వస్తే నాకూ ఉంటుంది, మీకూ ఉంటుంది. సంచి ఎక్కడో చోట చావాలిగా. మన ఊళ్లోనే చస్తే మన పొయ్యి వెలుగుతుంది.”

“చెబుతుంది,” అన్నాడు పర్ముజి. “నేను చెప్పిస్తాను.”

చెల్లెలి కుడిచెయ్యి పట్టుకుని వీపు వెనక్కి మెలితిప్పాడు. ఆమె ముందుకు వంగిపోయింది.

“చెబుతానను.”

“అన్నయ్యా, నొప్పి...”

“చెబుతానని అను!”

“చెప్పను.”

అతను ఇంకా తిప్పాడు. ఎండుకొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడైంది. అప్పుడు అరిచింది వినార్సి. ఆ అరుపు రేకుల కప్పుకి తగిలి తిరిగొచ్చింది. వీధిలో మూగినవాళ్లు ఒక్క అడుగు వెనక్కి వేశారు తప్ప లోపలికి రాలేదు.

బల్ల మీద కత్తి ఆగింది.

“వదులు దాన్ని,” అంది కస్మినా. “గొట్టం పెట్టించింది నేను.”

పర్ముజి చెయ్యి వదిలేశాడు. విన్నది అర్థం కానట్టు తల్లిని చూశాడు.

“నువ్వు బ్లితార్ ఊళ్లో పెళ్లికి వెళ్లినప్పుడు పొయ్యి నేనే రాజేశాను. రోజూ వేసే సంచులే వేశాను. పొగగొట్టం తలుపు నా చేత్తోనే తీశాను.”

“ఎందుకమ్మా?”

“అడిగింది కనక. ఇల్లు వదిలి వెళ్లాక అది నన్నేదీ అడగలేదు. అదొక్కటే అడిగింది.”

కస్మినా చేతులు తడి సారంగు లుంగీకి తుడుచుకుంది. తుడుచుకోవడం అయిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

“నువ్వు కొడుతుంటే చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. నీకు భయపడ్డాను పర్ముజీ. కన్నకొడుక్కి భయపడి, కూతురు దెబ్బలు తింటుంటే కూర్చుని టోఫు కోశాను.”

మిగిలిన సంచులన్నీ వేసి ఉడికించిన చివరి తొట్టిలో పాలు కుతకుతమంటున్నాయి.

“ఇంకా మంచిదైంది,” అన్నాడు జుమాది. “అయితే వదినే రావాలి హాలుకి. పెద్దావిడ చెబితే ఎక్కువ నమ్ముతారు.”

“నేను రాను.”

“ఆలోచించుకో.”

“నా కూతురు చెయ్యి విరిగింది. ముందు దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జరుగు అక్కణ్ణుంచి, దారి వదులు.”

జుమాది దారి వదల్లేదు. తల తిప్పకుండానే అన్నాడు: “కుంచోరో, ఆ తొట్టి వంచెయ్.”

“అన్నా, మరుగుతున్నాయి అవి.”

“కనబడుతోంది నాకు. ఆఖరి తొట్టి కూడా పోతే అప్పుడు ఆలోచన వస్తుంది వీళ్లకి. వంచు.”

“పిన్ని అక్కడే కూర్చుందన్నా.”

“లేస్తుందిలే. నువ్వు నా దగ్గర పనిచేస్తున్నావా, మీ పిన్ని దగ్గరా?”

కుంచోరో రెండు చేతులకీ గోనెగుడ్డ చుట్టుకున్నాడు. “లే పిన్నీ, లే, లే,” అంటూ తొట్టి అంచు పట్టుకుని వంచాడు. మెల్లగా వంచుదామనుకున్నాడేమో, బరువు అతని చేతిలో నిలవలేదు. తొట్టి మొత్తం బోర్లాపడింది. మరిగే పాలు సిమెంటు నేల మీద అలలాగా పరుచుకుని బల్ల కింద నుంచి పారాయి.

కస్మినా లేవబోయి అందులోనే కాలు పెట్టింది. జారి, అందులోనే పడింది.

పర్ముజి తల్లిని రెండు చేతులా ఎత్తి తెచ్చి గడప అవతల పడుకోబెట్టాడు. మోకాళ్ల కింద చర్మం అతని చేతులకు అంటుకుని వచ్చింది. అతను తన చేతులు చూసుకున్నాడు. వీధిలోవాళ్లంతా ఆమె చుట్టూ మూగుతుంటే, అతను లోపలికి వెళ్లాడు. నడిచే వెళ్లాడు, పరిగెత్తలేదు.

ఇనుప కడ్డీ ఎప్పుడు తీసుకున్నాడో ఎవరూ చూడలేదు. జుమాది గోడకి నక్కాడు. దగ్గరున్నది కుంచోరో. “అన్నా, నేను కావాలని...” అంటున్నాడు. కడ్డీ అతని చెవి పక్కన తగిలింది. పడేటప్పుడు తల బాయిలర్ దిమ్మె అంచుకి కొట్టుకుంది.

తెల్లటి పాలలోకి ఎర్రగా ఒక పాయ సాగింది.

అందరికంటే ముందు తేరుకున్నవాడు జుమాది. సిగరెట్టు కింద పడేసి, వీధిలోవాళ్లను కేకేసి, కుంచోరోని తన బండిలోకి ఎక్కించాడు. కుంచోరో ఇంకా ఊపిరి పీలుస్తున్నాడు. కళ్లు మాత్రం తెరవడం లేదు. బండి ఎక్కబోతూ జుమాది వెనక్కి వచ్చి, అన్నాచెల్లెళ్లకు మాత్రమే వినబడేలా అన్నాడు:

“వాడు పాలల్లో జారిపడ్డాడని చెప్పగలను. నువ్వు కొట్టావనీ చెప్పగలను. రెండూ నా నోట్లోనే ఉన్నాయి. హాల్లో మీ చెల్లెలు ఏం మాట్లాడుతుందో విని, దాన్నిబట్టి చెబుతాను.”

బండి వెళ్లిపోయింది.

పక్కింటి ఆడవాళ్లు కస్మినా కాళ్ల మీద బావినీళ్లు పోస్తున్నారు. ఆమె పళ్లు బిగించి ఆకాశం వైపు చూస్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఎవరో వ్యాను కోసం పరిగెత్తారు.

పర్ముజి తన చొక్కా చింపి చెల్లెలి మణికట్టుకి వెదురుబద్ద పెట్టి కట్టాడు. విరిచిన చేతులే కట్టాయి. ముడి వదులుగా పడుతోంది.

“గట్టిగా లాగు,” అంది వినార్సి.

“నొప్పి పుడుతుంది.”

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను కళ్లు దించుకున్నాడు.

“వాడు రోజూ వచ్చి కాఫీ తాగేవాడు,” అన్నాడు. “చక్కెర ఎక్కువ వేయమనేవాడు. నేను జుమాదినే అనుకున్నాను వినార్సీ. కళ్లకి ఏమీ కనబడలేదు.”

“బతుకుతాడులే.”

“బతకకపోతే?”

అతను ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇంతకుముందెప్పుడూ ఆమె ముందు అలా కూర్చోలేదు.

“చెప్పెయ్. ఆ ఒక్క మాట చెప్పెయ్. పరీక్ష కోసం కాల్పించానని చెప్పు. నీ పాదాలు పట్టుకుంటాను. నాకు జైలంటే భయం.”

“ఇందాక ఇదే మాట చెప్పమని చెయ్యి విరిచావు.”

“తెలుసు.”

“ఇప్పుడు పాదాలు పట్టుకుంటున్నావు.”

“తెలుసు వినార్సీ. నన్ను తిట్టు. కానీ చెప్పు.”

ఆమె తల్లి వైపు తిరిగింది. “అమ్మా?”

కస్మినా కళ్లు మూసుకుంది. “నన్నడక్కండి. మీ ఇద్దర్నీ నేనే కన్నాను. నన్నడక్కండి.”

వ్యాను తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లాక, మధ్యాహ్నం అజాన్ వినబడుతుండగా వినార్సి సందు దాటి బస్సెక్కింది. ఏం చెబుతుందో ఎవరికీ చెప్పలేదు.

హాల్లో ఫ్యానులు తిరుగుతున్నా గాలి లేదు. ఫ్యాక్టరీ లాయరు ముందు వరసలో కూర్చున్నాడు. విచారణ జరిపే అధికారిణి వినార్సి చేతికట్టు చూసి, “ఏమైందమ్మా, వాయిదా వేయమంటారా?” అని అడిగింది.

“అక్కర్లేదు మేడమ్. ముందు నాదొక తప్పు చెప్పుకోవాలి.”

లాయరు ఆశగా తలెత్తాడు.

“ఈ సంచి జీవితం మొత్తానికి లెక్క కట్టామని మా సంస్థ చెప్పింది. చమురుబావి దగ్గర అంకె బావివాళ్లు చెప్పింది. తయారీ అంకె ఫ్యాక్టరీవాళ్లు చెప్పింది. మేం వెళ్లి కొలవలేదు. వెళ్లి కొలిచింది ఒక్క పేదింటి పొయ్యి దగ్గరే. బావి దగ్గర, ఫ్యాక్టరీ దగ్గర కూడా అలాగే కొలవనిచ్చేదాకా ఈ లెక్క మీద నేను సంతకం పెట్టను.”

హాల్లో గుసగుసలు లేచాయి. లాయరు ఆశ పోయింది. అతను లేచి నిలబడ్డాడు.

“అది తర్వాత సంగతి. ముందు చివరి ఘట్టం తేలాలి. ఆమె కొలిచిన మంట ఆ ఊళ్లో రోజూ మండేదా, లేక ఆమె కోసం మండించిందా? రోజూ మండేది కాకపోతే ఆ అంకె చెల్లదు. అది కొట్టేయాలి.”

“న్యాయమైన ప్రశ్న,” అంది అధికారిణి. పక్కనున్న ఉద్యోగులతో మాట్లాడడానికి వంగింది.

ఆ కాస్త వ్యవధిలో ఎవరో వచ్చి వినార్సి వెనక కుర్చీలో కూర్చున్నారు. లవంగాల పొగ వాసన. తెల్లచొక్కా భుజం మీద ఎండిన నెత్తుటి మరక.

“కుంచోరో పోయాడు,” అన్నాడు జుమాది మెల్లగా. అతని గొంతు కూడా సరిగా లేదు. “దారిలోనే. పోలీసులు ఆసుపత్రిలో నా కోసం చూస్తున్నారు. ఎలా పోయాడో నేను చెప్పాలి. జారిపడ్డాడంటే ప్రమాదం. కొట్టాడంటే హత్య. ఇప్పుడు మాట్లాడమ్మా.”

వినార్సికి హాలు ఒక పక్కకి ఒరిగినట్టయింది. బల్ల అంచు పట్టుకోబోయి, విరిగిన చేత్తో పట్టుకుంది. నొప్పి కళ్లలోకి వచ్చింది. అదే ఆమెను నిలబెట్టింది.

“చెప్పండి,” అంది అధికారిణి. “రోజూ మండేదేనా?”

పైన ఫ్యాను కీచుమంటోంది. వినార్సి పెదవులు తడుపుకుంది.

“రోజూ మండేదే మేడమ్. నా చిన్నప్పుడు కట్టెలు. ఇప్పుడు సంచులే. కట్టెలు చూసి చాలాకాలమైంది.”

“ఎవరింట్లో కొలిచారు?”

“మా ఇంట్లో. మా అన్నయ్య పర్ముజి పొయ్యి దగ్గర.”

వెనక కుర్చీ కిర్రుమంది. జుమాది లేచాడు. అతని చెప్పుల చప్పుడు హాలు పొడవునా వినబడింది. బయట బండి స్టార్టయింది.

లాయరు కూర్చోలేదు. “ఈమె మాట ఒక్కటే ఎలా నమ్మడం మేడమ్? పొయ్యి ఆమెది కాదు. ఆమె ఆ ఊళ్లో ఉండదు. ఆ అన్నగారు వచ్చి ఇక్కడ చెప్పగలరా?”

అధికారిణి వినార్సి వైపు చూసింది.

“నేనే పర్ముజిని.”

గొంతు తలుపు దగ్గర్నుంచి వచ్చింది. అందరూ వెనక్కి తిరిగారు. చొక్కా లేకుండా, మోకాళ్ల దాకా పాలు ఎండి అట్టకట్టిన కాళ్లతో అతను అక్కడ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. కుంచోరో సంగతి అతనికి తెలుసో లేదో ఆ మొహంలో కనబడలేదు. ఆపబోయిన బంట్రోతుని ఒక్క చేత్తో పక్కకి నెట్టేశాడు.

కుర్చీల మధ్య నుంచి చెల్లెలి వైపే నడుచుకుంటూ వస్తున్నాడు. కళ్లు ఆమె మీదే ఉన్నాయి.

వినార్సి తనకు తెలియకుండానే విరిగిన చేతిని వెనక్కి దాచుకుంది.